పంటు తిరిగొచ్చేలోపు

నరసాపురం రేవు వాలులో
ముక్కు నీళ్ళవైపు పెట్టి ఆగిపోయింది తెల్ల కారు.
వెనక రొయ్యల వ్యాను, దాని వెనక కొబ్బరి లోడు,
హారన్లన్నీ ఆవిడ వీపు మీదే.
నా రేకు డబ్బా చూసి జనం దారిచ్చారు,
మంత్రసానికి ఇచ్చినట్టు.

పదహారేళ్ళుగా నాదొకటే పట్టు:
కాగితం చూడందే తలుపు ముట్టుకోను.
రెండుసార్లు స్టేషన్ బెంచీ మీద తెల్లారింది నాకు,
మీరావలీ, నువ్వు తెరిచింది ఎవడి బండిరా, అని.

"ఆర్సీ ఉందామ్మా?"
"లోపలుందండి."
అందరూ అదే అంటారు.
బండి తమదని చెప్పే కాగితం
ఎప్పుడూ బండిలోనే బందీ.

"తాళాలో?"
గెడ్డంతో చూపించింది గోదారి నడిమధ్యకి.
సఖినేటిపల్లి వైపు పోతోంది పంటు.
మోటారు సైకిళ్ళ సందులో రెయిలింగు పట్టుకుని
ఒక నీలం చొక్కా.
ఇటు తిరగలేదు.

"దొంగతనమేనంటారా?"
"నా చేతిలోంచి లాక్కుపోతే
ఏమంటారండి మీ భాషలో?"

నా భాషలో దానికి మాట లేదు.
నాకు తెలిసినవి పళ్ళు, గాట్లు, స్ప్రింగులు.

పోనీ లోపలేమున్నాయో చెప్పమన్నాను.
తడుముకోలేదు.
వెనక సీట్లో లేసు దారం డబ్బాలు నాలుగు,
పదకొండు కవర్లలో అల్లిక కూలి,
ఒక్కోదాని మీద ఒక్కో ఆడమనిషి పేరు
(ఆ కవర్ల దగ్గరే వచ్చిందండి మాట),
తలుపు జేబులో సగం తిన్న తాటి తాండ్ర,
డ్రైవరు సీటు మీద దిండు.
"నాకు కాళ్ళందినా రోడ్డందదు, పొట్టిదాన్ని."

అద్దానికి చెయ్యి అడ్డం పెట్టి చూశాను.
దిండు ఉంది. పువ్వుల గలీబు.

తలుపు అంచున గాలి సంచి దూర్చి
బీపీ చూసే నర్సులా ఒత్తాను,
వేలెడు సందొచ్చింది.
సందులోంచి తీగ, తీగ కొసన వంకీ.
"మా అల్లిక సూదిలాగే ఉందండీ!"
"ఆయ్, ఇది కూడా కంటికి తెలియదమ్మా, చేతికే."
మూడోసారికి మీట చిక్కింది.
గోలెత్తింది కారు,
చీకట్లో సొంత మనిషినే మొరిగే కుక్కలా.

అన్నీ చెప్పినవి చెప్పినట్టే.
ఆర్సీ కార్డు మీద మాత్రం
గుబ్బల శ్రీమన్నారాయణ.

ఆవిడ నా మొహమే చూస్తోంది.
"కిస్తీలు నావండి. ముప్పై ఒకటి."
ఫోన్లో మెసేజీలు తీయబోతే వద్దన్నాను.
దిండు నడిమి గుంట ఒకసారి చూసి
కార్డు ఎక్కడిదక్కడ పెట్టేశాను.
నా పట్టు అక్కడ సడలింది,
ఎవరడిగినా ఇంతకంటే చెప్పలేను.

కొత్త తాళంచెవి కోశాను.
మోకాలి మీద రజను మెరిసింది, దులుపుకున్నాను.
ఈ రోజుల్లో ఇనుము తిరిగితే చాలదు,
బండి గుర్తుపట్టాలి.
స్టీరింగు కింద నా పెట్టె తగిలించాను.
తెర మీద ఎప్పుడూ వచ్చే ప్రశ్నే వచ్చింది:
పాతవి ఉంచాలా, తుడిచేయాలా?

దొంగలు పట్టుకుపోయినవైతే అడగను,
తుడిచేస్తాను.
ఇవాళ అడిగాను.
"పాతది ఈ బండికి గుర్తుండాలా అమ్మా?"

అవతల గట్టున ఖాళీ అయి, మళ్ళీ నిండి
ఇటు తిరిగింది పంటు.
ముందు వరసలో నీలంగా ఏదో,
చొక్కానో, డీజిలు డ్రమ్మో,
ఇంత దూరానికి పోల్చలేం.

దిండు సర్దుకుని కూర్చుంది ఆవిడ.
"అది వచ్చేలోపు అయిపోద్దాండి మీ పని?"
"అవుద్ది."
"ఒక్కటి చాలండి."

ఏది ఒక్కటో నేనడగలేదు.
మీట నొక్కాను.

కూలి కవర్ల జోలికి పోలేదు ఆవిడ.
నా డబ్బులు ఫోన్లో సగం,
మిగతాది డ్యాష్‌బోర్డు అడుగున ఏరిన చిల్లర,
దాంట్లో ఒక పాత పంటు టికెట్టు కూడా వచ్చింది.
ఇంటికెళ్ళాక చూసుకున్నాను.
ఇద్దరికి కొట్టినది.